రాజీనామా కాగితం అన్నిటికంటే ఆఖరున

కీళ్లవాతం, కిడ్నీ జబ్బు, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, బలహీనపడిన గుండె. ఇలాంటి తగ్గని జబ్బుతో ఏళ్ల తరబడి డ్యూటీ నెట్టుకొచ్చే మనిషికి ఏదో ఒక రోజు ఇక నావల్ల కాదు అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు కూడా చూసి తట్టుకోలేక, "మానెయ్యి, సదరం చేయించుకుంటే పింఛనైనా వస్తుంది, ఎలాగోలా గడుస్తుంది" అంటారు. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో పరీక్షించి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్టు. ప్రేమకొద్దీ అనే మాటే. అయితే ఆ ఊపులో రాజీనామా రాసి ఇచ్చేశాక తెలుస్తుంది, రావాల్సినవి ఎన్ని ఆ కాగితంతోపాటే పోయాయో. జబ్బుపడ్డ ఉద్యోగికి మన చట్టాలు ఇచ్చిన అండ చాలావరకు "సర్వీసులో ఉండగా" అన్న మాట చుట్టూ అల్లుకుని ఉంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఇక్కడ ఆ దీపం మీ ఉద్యోగమే.

విజయవాడ, గుంటూరుల్లో ప్రైవేటు కొలువు చేసుకునేవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. బీసెంట్ రోడ్డు బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడేవాళ్లు, ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవాళ్లు, మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో లెక్కలు రాసేవాళ్లు, ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు, ఆస్పత్రుల్లో నర్సులు. ప్రభుత్వోద్యోగులకు దారి వేరు, అదీ మధ్యలో చెబుతాను.

పింఛను ఎంత, ఎవరికి

ముందు డబ్బు సంగతి. 2024 జులై నుంచి రాష్ట్ర ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు. అంతకుముందు అది 3,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు, కండరాల క్షీణత తీవ్రంగా ఉన్నవాళ్లకు 15,000. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు, డయాలసిస్ దాకా రాకపోయినా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు 3, 4, 5 దశల్లో ఉన్నవాళ్లకు, కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లకు, తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా ఉన్నవాళ్లకు 10,000. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికి తెచ్చి ఇస్తారు.

ఇది జబ్బును ఒక్కదాన్నే చూసి ఇచ్చే డబ్బు కాదు, కుటుంబాన్ని చూసి ఇచ్చేది. పట్నంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000 లోపు ఉండాలి, పల్లెలో 10,000 లోపు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ప్రభుత్వ పింఛనుదారు గానీ, ఇన్‌కం టాక్స్ కట్టేవాళ్లు గానీ ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు. పట్నంలో 1,000 చదరపు అడుగులు దాటిన ఇల్లు ఉండకూడదు. కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్లు మించకూడదు. ఈ ఆఖరి నిబంధన దగ్గర మనసు కలుక్కుమంటుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్న మనిషికి ఒంట్లో వేడి పెరిగితే చూపు మసకబారుతుంది, కాళ్లు పట్టు తప్పుతాయి. రోహిణి కార్తెలో విజయవాడలో ఏసీ లేకుండా ఆ మనిషి ఉండలేడు. ఆ ఏసీయే మీటరును 300 దాటించేస్తుంది.

భార్యాభర్తల్లో ఒకరు 20,000 జీతం తెస్తున్నా రెండోవారికి పింఛను కష్టమని దీన్నిబట్టి తెలుస్తుంది. వచ్చినా అది కదలని పునాది కాదు. 2025లో రాష్ట్రమంతటా దివ్యాంగ పింఛన్లను మళ్లీ పరీక్షించారు, 40 శాతం లోపు తేలినవాళ్లకు నోటీసులు వెళ్లాయి. అందుకే నా సలహా ఒకటే: పింఛను సున్నా అనుకుని ఇంటి లెక్క వేయండి. ఆ లెక్కలో ఇల్లు గడిస్తేనే మానడం గురించి ఆలోచించండి. పింఛను వస్తే అది మందులకు.

ప్రమాద బీమాలను కూడా ఈ లెక్కలో కలపకండి. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్ష బీమా ఇచ్చే రెండు లక్షలు ప్రమాదం వల్ల వచ్చిన వైకల్యానికే. జీవిత బీమా పాలసీలకు తగిలించే వైకల్యం రైడర్లు కూడా ఎక్కువగా అలాంటివే. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినందుకు అవి పైసా ఇవ్వవు.

మూడు ఆఫీసులు, మూడు కొలతలు

అందరూ ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. "డాక్టరుగారు పనికిరానని రాసిచ్చారు, మరి సదరంలో 30 శాతమే వేశారేం?" అని ఏడ్చేవాళ్లున్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ కొలిచింది వేర్వేరు సంగతుల్ని.

సదరం క్యాంపులో డాక్టరు చూసేది శరీరంలోని ఏ భాగం ఎంత పని చేస్తోందన్నది: కీలు ఎంత వంగుతోంది, కండరంలో బలమెంత, చూపెంత. మీ ఉద్యోగం ఏమిటన్నది ఆ లెక్కలోకి రాదు. ఈఎస్ఐ (జీతంలో చందా కోసి నడిపే ఉద్యోగుల ఆరోగ్య బీమా) డాక్టరు చూసేది ఈ వారం మీరు పనికి వెళ్లగలరా లేదా అన్నది. పీఎఫ్ పింఛను మెడికల్ బోర్డు చూసేది జబ్బు పడేనాటికి మీరు చేస్తున్న ఆ పనికి శాశ్వతంగా, పూర్తిగా పనికిరాకుండా పోయారా అన్నది. కాబట్టి ఒకే సర్టిఫికెట్టు పట్టుకుని మూడుచోట్లా తిరిగితే కనీసం రెండు చోట్ల దెబ్బ తింటారు. "శాశ్వతంగా పనికిరాడు" అన్న కాగితం పీఎఫ్ బోర్డుకు కావాలి. అదే కాగితం, కూర్చుని చేసే పనికి మార్చమని అడుగుతున్న ఆఫీసులో ముందే పెడితే, మీ గొయ్యి మీరే తవ్వుకున్నట్టు.

సదరం లెక్కలో ఒక చిక్కు ఉంది. రెండు చోట్ల లోపముంటే శాతాలను నేరుగా కూడరు. పెద్దదానికి, చిన్నదాన్ని 90లో మిగిలిన భాగంతో గుణించి 90తో భాగించి కలుపుతారు. చేతికి 30, కాలికి 20 వస్తే మొత్తం 50 కాదు. 20ని 60తో గుణించి 90తో భాగిస్తే 13.3, కలిపితే 43. 40 గీత దాటారు. అదే 25, 15 అయితే కూడికలో 40 కనిపిస్తుంది గానీ అసలు లెక్కలో 36 దగ్గరే ఆగిపోతుంది. పింఛనుకు, రిజర్వేషనుకు, చట్టంలోని చాలా సదుపాయాలకు 40 కావాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, దీర్ఘకాలిక నరాల జబ్బులు, మానసిక వ్యాధి, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అందులో ఉన్నాయి. కిడ్నీ జబ్బు లేదు, గుండె జబ్బు లేదు, షుగరు లేదు. డయాలసిస్ చేయించుకునే మనిషిని సదరం స్లాటు కోసం తిప్పడం ఆ మనిషిని ఊరికే అలవగొట్టడమే. వాళ్ల పింఛనుకు దారి వేరు: నెఫ్రాలజిస్టు కాగితాలు, క్రియాటినిన్ రిపోర్టులు, డయాలసిస్ రికార్డు పట్టుకుని వార్డు సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీని కలవాలి. కీళ్లవాతం పేరు కూడా జాబితాలో విడిగా ఉండదు. దాని వల్ల చేతులకు, కాళ్లకు వచ్చిన లోపాన్ని కదలికల వైకల్యం కింద కొలుస్తారు. అందువల్ల వాపు, నొప్పి, నీరసం ఎంత ఉన్నా కీళ్లు ఇంకా వంగుతున్న తొలి ఏళ్లలో శాతం తక్కువే వస్తుంది. ఇది అన్యాయంగానే ఉంటుంది. కానీ ముందే తెలిసుంటే ఆ 6,000ని నమ్ముకుని ఎవరూ ఉద్యోగం వదులుకోరు.

స్లాటు సచివాలయంలో గానీ మీసేవలో గానీ బుక్ చేస్తారు. ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు పనిచేస్తూ ఉండాలి, తేదీ, ఆస్పత్రి వివరాలు దానికే వస్తాయి. వెళ్లేటప్పుడు కనీసం ఏడాది చికిత్స కాగితాలు తేదీలవారీగా పేర్చుకోండి. ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ ఫిల్ముల మీద పేరు, తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్లి ఫిల్ము ఇంట్లో మరిచిపోయేవాళ్లు చాలామంది. జబ్బు ఎక్కువగా కనపడాలని మందులు మానేసి వెళ్లమని కొందరు సలహా ఇస్తారు. వద్దు. పార్కిన్సన్స్ మందు ఒక్కసారిగా ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది, స్టెరాయిడ్ల సంగతీ అంతే. మానసిక వ్యాధికైతే ఐడియాస్ అనే కొలమానం వాడతారు: సొంత పనులు, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకోవడం, పని, వీటికి తోడు జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నది. మొత్తం 20లో 7 వస్తే 40 శాతం. అక్కడ మాత్రం రోజూ దగ్గరుండి చూసుకునే మనిషి వెంట రావాలి, చాలాసార్లు రోగి తన ఇబ్బంది తాను చెప్పుకోలేడు.

40 లోపు వచ్చిన సర్టిఫికెట్టును చించి పారేయకండి. ఆఫీసులో పని మార్పు అడగడానికి అది ప్రభుత్వం ఇచ్చిన సాక్ష్యం. శాతం తప్పు వేశారనిపిస్తే ఆ 2016 చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కుంది. తాత్కాలిక సర్టిఫికెట్టు అయితే గడువు తేదీని క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. గడువు దాటాక స్లాటు కోసం పరుగెత్తితే మధ్యలో పింఛను ఆగిపోతుంది.

ఈఎస్ఐ ఉంటే అది మొదటి ఆసరా

నెల జీతం 21,000 లోపు ఉండి జీతం స్లిప్పులో ఈఎస్ఐ కింద 0.75 శాతం పోతుంటే, ఉద్యోగం మానకుండానే విశ్రాంతి తీసుకునే దారి ఉంది. దివ్యాంగులకు ఆ పరిమితి 25,000. ఇది తెలియక రాజీనామా చేసినవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది.

మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ ఏడాదిలో 91 రోజుల దాకా, సగటు రోజు కూలిలో 70 శాతం. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా పడి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు ఆ తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబరు దాకా హక్కు. జబ్బు మొదలైన తొలి రెండు రోజులకు డబ్బు రాదు. అయితే వెనకటి సెలవు ముగిసిన 15 రోజుల్లోపే మళ్లీ పడుకుంటే ఆ కోత ఉండదు.

91 రోజులు అయిపోయాక అసలైనది మొదలవుతుంది. అది ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్. 34 దీర్ఘకాలిక జబ్బులకు కూలిలో 80 శాతం ఇస్తారు, అవసరాన్నిబట్టి పొడిగిస్తూ రెండేళ్ల దాకా. క్రానిక్ రీనల్ ఫెయిల్యూర్ (కిడ్నీలు శాశ్వతంగా దెబ్బతినడం), పార్కిన్సన్స్, క్యాన్సరు, క్షయ, గుండె వైఫల్యం, పక్షవాతం, స్కిజోఫ్రీనియా, పొట్టలో నీరు చేరిన లివర్ సిర్రోసిస్ ఆ జాబితాలో ఉన్నాయి. మీ జబ్బు పేరు కనిపించకపోతే దాని ఫలితం ఉందేమో చూడండి. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు) పేరుతో దొరకకపోవచ్చు, అది కిడ్నీలను పాడుచేసి ఉంటే క్రానిక్ రీనల్ ఫెయిల్యూర్ కింద దొరుకుతుంది. దీనికి జబ్బు మొదలయ్యేనాటికి రెండేళ్లు ఎడతెగని ఉద్యోగం, వెనక నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా ఉండాలి.

18,000 జీతం ఉన్న సేల్స్‌మన్‌కు 70 శాతం అంటే సుమారు 12,600, 80 శాతం అంటే 14,400. దివ్యాంగ పింఛనుకు రెండు రెట్ల పైన. అందులో కుటుంబ ఆదాయం ప్రశ్న లేదు, సదరం శాతం ప్రశ్న లేదు. మందులు కూడా ఈఎస్ఐవే.

ఎక్కడ చెడుతుందంటే, సర్టిఫికెట్ల మధ్య ఖాళీల దగ్గర. ఫారం 7, అంటే జబ్బు సర్టిఫికెట్టు, ఇచ్చేది ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టరే. ప్రైవేటు ఆస్పత్రి రెస్టు కాగితం దానంతటది చెల్లదు. వారానికో రెండు వారాలకో వెళ్లి కొనసాగింపు రాయించుకోవాలి. ఒళ్లు బాలేక ఒక తేదీ తప్పితే ఆ రోజుల డబ్బు పోవడమే కాదు, కంపెనీ రికార్డులో చెప్పకుండా మానేసినట్టు పడుతుంది. గుణదల ఈఎస్ఐ ఆస్పత్రిలో స్పెషలిస్టు అభిప్రాయం రాయించుకునే పని 91 రోజులు నిండకముందే, అరవయ్యో రోజుకల్లా మొదలుపెట్టండి. డబ్బు కోసం పెట్టే దరఖాస్తు ఫారం 9. ఇంకో చెడ్డ సంగతి, జీతంలో కోసి చందా కట్టని యజమానులు ఉన్నారు. ఒంట్లో ఓపిక ఉన్న రోజునే ఈఎస్ఐ పోర్టల్లో మీ చందా రోజులు చూసుకోండి.

సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో యజమాని ఉద్యోగం తీసేయకూడదని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. మీరే రాజీనామా ఇస్తే మాత్రం ఆ రక్షణను మీరే వదులుకున్నట్టు. ఉద్యోగంతో సంబంధం లేని గాయం వల్ల 40 శాతం శాశ్వత వైకల్యం వచ్చి కొలువు పోయినవాళ్లకు రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద మొదటి ఏడాది కూలిలో 50 శాతం, రెండో ఏడాది 25 శాతం భృతి ఉంది. తనంత తానుగా మానేసినవాళ్లకు అదీ ఉండదు.

మానడానికి ముందు అడగాల్సినవి

ఆరు వారాల పాటు ఒక నోటుపుస్తకంలో రోజుకు నాలుగు మాటలు రాయండి: ఎన్ని గంటలు పనిచేశారు, ఏ పని దగ్గర ఆగిపోయారు, ఇంటికొచ్చాక ఎంతసేపు పడుకోవాల్సి వచ్చింది, మర్నాడు ఎలా ఉంది. ఉద్యోగమే మోయలేనిదా, లేక ఆ ఉద్యోగంలో ఒకటి రెండు పనులు మోయలేనివా అన్నది ఆ పుస్తకం తేలుస్తుంది. రెండోదే ఎక్కువగా తేలుతుంది.

కీళ్లవాతంలో తెల్లవారి బిగుసుకుపోవడం గంట పైనే ఉంటుంది. తొమ్మిదికి బదులు పదకొండుకు వచ్చి రాత్రి ఆలస్యంగా వెళ్లే షిఫ్టు ఇస్తే అదే మనిషి పూర్తి రోజు పనిచేస్తాడు. బట్టల షాపులో తాన్లు దించి పరిచే పని పోయి బిల్లింగ్ కౌంటరు వస్తే మోకాళ్లకు ఇంకో నాలుగేళ్ల ఆయుష్షు. డయాలసిస్ వారానికి మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రాకపోకలు, ఆ తర్వాతి నిస్త్రాణ కలిపితే పూట పోతుంది. తెల్లవారుజామున మొదటి విడత దొరికితే ఆ మూడు రోజులూ మధ్యాహ్నం డ్యూటీ సాధ్యమే. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లు ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు బయటి పని లేకుండా చేయమని అడగాలి. లెక్చరరుకైతే గ్రౌండ్ ఫ్లోరు గది, వరసగా మూడు క్లాసులు పడకుండా టైంటేబులు.

అడిగేటప్పుడు డాక్టరు ఉత్తరంలో "విశ్రాంతి అవసరం" అని ఉంటే దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. "ఒకేసారి 20 నిమిషాలకు మించి నిలబడలేరు, 3 కిలోలకు మించి ఎత్తకూడదు, గంటకొకసారి 5 నిమిషాలు కూర్చోవాలి, ఈ నియమాలతో పని చేయగలరు" అని ఉండాలి. ఆ ఆఖరి ముక్క మరీ ముఖ్యం. ఇవి మీరే ఒక చీటీ మీద రాసుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి (జీజీహెచ్) ఓపీలో మీకు దొరికే కొద్ది నిమిషాల్లో ఆయన ఊహించి రాయలేరు.

20 మంది, ఆ పైన పనిచేసే ప్రైవేటు సంస్థ కూడా దివ్యాంగుల సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలని చట్టం చెబుతోంది. హెచ్‌ఆర్‌ను ఆ కాగితం చూపించమని మర్యాదగా అడగండి. ప్రభుత్వోద్యోగులకు ఉన్నంత బలం ప్రైవేటువాళ్లకు చట్టంలో లేదు, అందుకే ప్రతి మాటా రాతలో ఉండాలి. "సార్, అడిగాను, కుదరదన్నారు" అనే నోటిమాట రేపు గ్రాట్యుటీ దగ్గర పనికిరాదు. కుదరదన్న ఈమెయిలు పనికొస్తుంది.

ప్రభుత్వోద్యోగుల విషయంలో చట్టం చాలా గట్టిది. 2016 చట్టం 20వ సెక్షన్‌లోని 4వ ఉపసెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన మనిషిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా, అదనపు పోస్టు సృష్టించి ఉంచాలి. 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు కేసులో కూడా సుప్రీంకోర్టు ప్రత్యామ్నాయ ఉద్యోగం చూపాల్సిందేనని చెప్పింది. కాబట్టి ఆర్టీసీలోనో, మున్సిపాలిటీలోనో, బడిలోనో పనిచేసేవాళ్లు మెడికల్ ఇన్‌వాలిడేషన్‌కు (జబ్బు వల్ల ఉద్యోగానికి పనికిరారని తేల్చి రిటైర్ చేయడం) సంతకం పెట్టే ముందు, వేరే పోస్టు కోరుతూ ఒక దరఖాస్తు పెట్టి జవాబు కోసం ఆగాలి. పిల్లలకు ఉద్యోగం వస్తుందన్న ఆశతో తొందరపడేవాళ్లు ముందు ఆ నిబంధనలు తమకు వర్తిస్తాయో లేదో సర్వీసు సెక్షన్‌లో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

మానక తప్పనప్పుడు డబ్బు ఎలా వస్తుంది

గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలని అందరికీ తెలుసు. జబ్బు వల్ల, ప్రమాదం వల్ల అశక్తులైనవాళ్లకు ఆ ఐదేళ్ల షరతు లేదని 1972 గ్రాట్యుటీ చట్టంలోనే ఉండేది, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది, అది తెలిసినవాళ్లు తక్కువ. అక్కడ అశక్తత అంటే ఇంతకుముందు చేయగలిగిన పనిని జబ్బు వల్ల చేయలేకపోవడం. 40 శాతం మాటే లేదు. లెక్క ఇది: ఆఖరి నెల వేతనాన్ని (ముఖ్యంగా బేసిక్, డీఏ) 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 15,000 బేసిక్, ఏడేళ్ల సర్వీసు అయితే 60,577 రూపాయలు. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. 6 ఏళ్ల 5 నెలలకు మానేసేవాళ్లు ఇంకో నెలన్నర సెలవు పెట్టి ఆగితే ఏడాది గ్రాట్యుటీ కలిసొస్తుంది.

పీఎఫ్‌లో శాశ్వతంగా, పూర్తిగా పనిచేయలేని స్థితిలో మానినవాళ్లు వెంటనే మొత్తం తీసుకోవచ్చు, నిరుద్యోగిగా నెలలు ఎదురుచూడక్కర్లేదు. ఐదేళ్లలోపు పీఎఫ్ తీస్తే మామూలుగా టాక్స్ పడుతుంది, 50,000 దాటితే 10 శాతం ముందే కోస్తారు. అనారోగ్యం వల్ల ఉద్యోగం పోయినవాళ్లకు ఆ పన్ను లేదు. పీఎఫ్ పింఛను పథకంలో పదేళ్ల సర్వీసు లేకపోయినా, ఒక్క నెల చందా పడి ఉన్నా, సర్వీసులో ఉండగా శాశ్వత సంపూర్ణ అశక్తత వస్తే నెలవారీ పింఛనుకు అర్హత ఉంది. ఫారం 10డి పెట్టాలి, మెడికల్ బోర్డుకు హాజరు కావాలి. 15,000 జీతాన్ని ఏడేళ్లతో గుణించి 70తో భాగిస్తే 1,500. చిన్న మొత్తమే గానీ జీవితాంతం వస్తుంది, తర్వాత భార్యకో భర్తకో కుటుంబ పింఛనుగా కొనసాగుతుంది. 2014 సెప్టెంబరు తర్వాత 15,000కు పైబడిన బేసిక్‌తో మొదటిసారి చేరినవాళ్లు ఈ పింఛను పథకంలో సభ్యులు కారు, పాస్‌బుక్‌లో పింఛను గడి చూసుకోండి.

ఇదంతా ఒక చిన్న గడి మీద ఆధారపడి ఉంటుంది. కంపెనీ మీ పీఎఫ్ ఖాతాలో మానిన తేదీతోపాటు కారణం కూడా నింపుతుంది. అందరికీ వేసినట్టే మీకూ సెసేషన్ (పని ఆపేశారు) అని వేసేస్తే మీరు మామూలుగా మానేసినట్టే లెక్క. పర్మనెంట్ డిసేబుల్‌మెంట్ (శాశ్వత అశక్తత) అని పడాలి. మెడికల్ కాగితం నిజంగా ఆ మాట చెబుతుంటేనే అది అడగండి. కాగితం ఒకటి, గడి ఒకటి అయితే క్లెయిము వెనక్కొస్తుంది.

సర్వీసులో ఉండగా పోతే కుటుంబానికి 7 లక్షల దాకా ఇచ్చే, పీఎఫ్‌తోపాటు ఉండే ఈడీఎల్ఐ బీమా కూడా ఉద్యోగంతోపాటే ముగుస్తుంది. జబ్బు ముదిరిన మనిషి ఇంట్లో ఈ మాట ఎత్తడం ఎవరికైనా కష్టం. అయినా పిల్లలున్న ఇంట్లో అది లెక్కలోకి రావాలి. జీతం లేని సెలవులో పేరు రోల్స్ మీద ఉండటానికీ, రిలీవ్ అయిపోవడానికీ మధ్య తేడా అంత పెద్దది.

కంపెనీ గ్రూపు ఇన్సూరెన్సు ఉన్నవాళ్లు ఆఖరి రోజుకు కనీసం రెండు నెలల ముందే అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మార్పు కోరాలి. మానేశాక కొత్తగా కొంటే పాత జబ్బుకు మూడేళ్ల దాకా ఎదురుచూపు ఉండొచ్చు. మార్పు ద్వారా వెళితే ఇంతకాలం గడిచిన ఏళ్లు లెక్కలోకి వస్తాయి. బియ్యం కార్డు ఉన్న ఇంటికి ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, డయాలసిస్ అందులో చేస్తారు. నెలనెలా కొనే మాత్రలకు మాత్రం డబ్బు విడిగా పెట్టుకోవాలి. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ లాంటివి జన ఔషధి కొట్టులో తక్కువకే దొరుకుతాయి, బయోలాజికల్ ఇంజెక్షన్లు అలా కాదు. ఈఎస్ఐలో అవి పొందుతున్నవాళ్లు మానేముందు ఈ ఒక్క ఖర్చును రెండుసార్లు లెక్కేసుకోవాలి.

ఇవన్నీ అయ్యాక, ఆ ఆఖరి కాగితం. అందులో "వ్యక్తిగత కారణాల వల్ల" అన్న అలవాటు మాట రాయకండి. గ్రాట్యుటీ, పన్ను మినహాయింపు, పీఎఫ్ పింఛను మూడింటినీ ఆ మాట ప్రశ్నలో పడేస్తుంది. ఇలా రాయండి:

"నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. ఈ జబ్బు వల్ల చేతివేళ్లు, మోకాళ్లు దెబ్బతిని, ఇంతకాలం చేస్తున్న సేల్స్ పని చేయలేని స్థితికి వచ్చాను. వైద్య ధ్రువపత్రం, సదరం సర్టిఫికెట్టు జతపరిచాను. కూర్చుని చేసే పని ఇమ్మని ఫలానా తేదీన పెట్టుకున్న దరఖాస్తుకు అవకాశం లేదని ఫలానా తేదీన జవాబిచ్చారు. జబ్బు వల్ల కలిగిన ఈ అశక్తత కారణంగా ఫలానా తేదీ నుంచి నన్ను విధుల నుంచి తప్పించి, గ్రాట్యుటీ చెల్లించి, పీఎఫ్ రికార్డులో మానిన కారణాన్ని అదే విధంగా నమోదు చేయగలరు."

రెండు కాపీలు తీసి ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి. వేయడానికి ఒప్పుకోకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఫైల్లో పెట్టుకోండి. గ్రాట్యుటీ దరఖాస్తు ఫారం విడిగా 30 రోజుల్లోపు ఇవ్వాలి, దానికీ ఇలాగే రసీదు ఉంచుకోండి.